కుక్క పేరు మీద ఒక గంట

"నువ్వెలాగూ ఆరింటికల్లా ఇంట్లో ఉంటావుగా" అన్నారు మా ఆయన, తడి తువాలు నా చేతిలో పెడుతూ. తువాలు ఆరేసే తీగ ఆయన తల పక్కనే ఉంది. అత్తయ్య మోకాలికి రోజూ సాయంత్రం క్లినిక్కులో వ్యాయామం చేయించాలన్నాడట డాక్టరు. ఇకమీదట ఆ క్లినిక్కుకు నువ్వే తీసుకెళ్ళు, నాకు ప్రెస్సులో పని తెమలడం లేదు, అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయారు. వీలవుతుందా అని అడగలేదు. నాకు వీలుకాని పని ఒకటి ఉండొచ్చన్న ఆలోచన ఆయనకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ వచ్చినట్టు లేదు. తువాలు తీగ మీద వేసి, కొసలు సమానంగా లాగి, క్లిప్పులు పెట్టాను.

ఆ గంట నాది కాదని ఆయనకు తెలుసు. అది మా కుక్కది. ఆఫీసు వాళ్ళు నన్ను గంట ముందు పంపుతున్నది కుక్కను తిప్పుకోవడానికి. ఆ కుక్కను నేను ఇంటికి తెచ్చింది నా కూతురి కోసం. ఇదంతా మొదటి నుంచీ చెబితే గాని అర్థం కాదు.

నేను పనిచేసేది పార్సిళ్ళు చేరవేసే కంపెనీలో. అడ్రసు దొరక్క తిరిగొచ్చిన పార్సిళ్ళ విభాగం మాది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఫోను చెవికి పెట్టుకుని, "మీ ఇంటికి గుర్తు ఏముందండీ, పక్కన ఏ షాపుందండీ" అని అడగడమే పని. పదో తరగతి దాకా చదివి, టైపు నేర్చుకున్న మనిషికి అంతకన్నా పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు? అయినా నేను పనిలో తప్పు చెయ్యను. తప్పు చేస్తే తీసేస్తారేమో, తీసేస్తే పిల్ల బడి మానాలేమో, బడి మానితే దాని బతుకు కూడా నా బతుకులాగే అయిపోతుందేమో అని ఒక్క అడ్రసు వెనకే అంత దూరం వెళ్ళిపోతుంది నా మనసు. నాకు ముందు చెడే తోస్తుంది. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. మోగకపోతే ఆ ఏదో నా దగ్గర దాస్తున్నారనుకుంటాను. "నీకు భయపడడం తప్ప ఇంకో పని లేదే" అంటారు మా ఆయన. పనులన్నీ చేసుకుంటూనే భయపడుతున్నానండీ, భయానికని విడిగా కూర్చునే తీరిక నాకెక్కడుంది, అనాలనిపిస్తుంది.

మా అమ్మాయికి పదేళ్ళు. బడి నుంచి ఐదింటికి వచ్చి, మెడలో తాడుకు కట్టిన తాళంచెవితో తలుపు తీసుకుని లోపల గడియ పెట్టుకోవాలి. ఆఫీసు అయ్యి, కిక్కిరిసిన బస్సులో వేలాడుతూ నేను చేరేసరికి ఏడవుతుంది. మా ఆయన రాక ఆయన ఇష్టం. అత్తయ్య పక్క వీధిలో మా ఆడపడుచు దగ్గర ఉంటారు. సాయంత్రాలు పిల్లకు కాస్త తోడుగా వచ్చి కూర్చోమని ఒకసారి అడిగాను. "నా మోకాళ్ళే నా మాట వినడం లేదు, నీ కూతురు వింటుందా అమ్మాయ్?" అన్నారు.

ఒక రోజు సాయంత్రం, పిల్లకని కొనిచ్చిన చిన్న ఫోనుకు చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. అవతల మోగుతూనే ఉంది. గ్యాసు, బాత్రూములో తడి నేల, ఎవడో తలుపు కొట్టి లోపలికి రావడం, అన్నీ వరసగా కళ్ళ ముందు జరిగిపోతున్నాయి. లీడరు గారి దగ్గరికి పరుగెత్తాను. లీడరంటే మా విభాగం పెద్ద, నాకన్నా చిన్నవాడు. "ఇంటికి వెళ్ళాలి సార్, పిల్ల ఫోను ఎత్తడం లేదు" అన్నాను. "టీవీ చూస్తూ ఉంటుంది లెండి. ఈ నలభై పార్సిళ్ళు అయ్యాక చూద్దాం" అన్నాడు, స్క్రీను మీంచి కళ్ళు తీయకుండానే. ఆ నలభై అడ్రసులూ ఎలా రాసుకున్నానో నాకే తెలియదు. ఒకావిడ తన ఇంటి ముందు నీలం గేటు ఉంటుందని చెబుతుంటే, నేను ఇవతల ఏడుస్తూ "నీలం గేటు, సరేనండీ" అంటున్నాను. ఇంటికి వెళ్ళేసరికి పిల్ల మంచం మీద బొమ్మలేసుకుంటోంది. నిద్రపోయానమ్మా అంది. నమ్మాను.

మర్నాడే అడిగాను, పిల్ల కోసం గంట ముందు పంపమని, కావాలంటే గంట ముందే వచ్చి కూర్చుంటానని. రూల్సు ఒప్పుకోవన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు క్షేమం మేడమ్ మమ్మల్నందర్నీ మీటింగు హాల్లోకి పిలిచారు. ఉద్యోగుల క్షేమం చూడడానికి కంపెనీ ఆవిణ్ణి ప్రత్యేకంగా పెట్టుకుంది, అందుకే ఆ పేరు. మనిషి మంచిదే, మెత్తగా మాట్లాడుతుంది. ఉద్యోగి మనసు బాగుంటేనే పని బాగుంటుందట. పెంపుడు జంతువులున్నవాళ్ళు వాటి మీద బెంగతో సాయంత్రాలు పని మీద మనసు పెట్టలేకపోతున్నారట. అందుకని కంపెనీ పెద్దలు ఆలోచించి, అలాంటివాళ్ళు రోజూ గంట ముందు వెళ్ళి వాటిని తిప్పుకోవచ్చన్నారట. టీకాల ఖర్చు సగం కంపెనీది. జబ్బు చేస్తే జీతం కొయ్యకుండా సెలవు. పోతే రెండు రోజులు దుఃఖానికి. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, అందరూ కొడుతున్నారని. కొడుతూ ఉండగానే నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"మేడమ్, పిల్లలున్నవాళ్ళకి?"

ఎవరో ముసిముసిగా నవ్వారు.

"పిల్లలకైతే ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదండీ" అంది క్షేమం మేడమ్, ఎంతో ప్రేమగా. "పాపం ఆ నోరులేని జీవాలకు ఎవరుంటారు చెప్పండి?"

ఎవరో ఒకరు. ఆ 'ఎవరో ఒకరు' నేనేనని, నేను ఇక్కడ మీ హాల్లో నిలబడి ఉన్నానని అనాల్సింది. నా పక్క సీటు అమ్మాయి మోచేత్తో పొడిచి, "అయితే మీరూ ఒక కుక్కని తెచ్చుకోండక్కా" అంది నవ్వుతూ. హాస్యానికే అంది. నేను మాత్రం ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

నాకు కుక్కలంటే చచ్చేంత భయం. పిచ్చి పడుతుందేమో, పిల్ల మొహం మీద కరుస్తుందేమో, దాని వెంట్రుకలు ఊపిరితిత్తుల్లోకి పోతాయేమో. అయినా వారం తిరక్కుండా పక్క సీటు అమ్మాయిని పట్టుకుని అడిగాను. వాళ్ళ పిన్ని ఇల్లు మారుతోందట, కొత్త ఇంట్లో కుక్కకు చోటు లేదట, ఎవరైనా తీసుకుంటే బాగుండునని చూస్తున్నారట. ముసలి కుక్క. ఒక కన్ను మసకేసి పాలరంగుకు తిరిగింది. నడిస్తే వెనక కాళ్ళు వణుకుతాయి. కరుస్తుందా డాక్టరు గారూ అని అడిగితే, జంతువుల డాక్టరు దాని మూతి పైకెత్తి చూసి, "దీనికి నమలడానికే పళ్ళు లేవమ్మా, కరవడం కూడానా?" అన్నాడు. పిల్ల దానికి పెద్దాయన అని పేరు పెట్టింది. "పెద్దాయన భోంచేశారా?" అని మేం అనుకుంటుంటే విని, ఎదురింటావిడ మా మామగారు వచ్చి ఉంటున్నారనుకుందట.

మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. "తిండి నేను పెట్టను, పెంట నేను ఎత్తను, ముందే చెబుతున్నా" అన్నారు. తిన్న కంచం ఎత్తని మనిషి పెంట ఎత్తుతారని నేనెప్పుడు అనుకున్నాను? అత్తయ్య అయితే పక్క వీధి నుంచి పనిగట్టుకుని వచ్చి చూశారు. "మనవణ్ణి ఇస్తావనుకుంటే వీణ్ణి తెచ్చావా అమ్మాయ్" అని ముక్కున వేలేసుకున్నారు. పెద్దాయన ఆవిడ పాదాల దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. తన్నలేక, తప్పుకోలేక, ఆవిడ అలాగే కూర్చుండిపోయారు.

డాక్టరు రాసిచ్చిన చీటీ, ఒక ఫోటో ఇస్తే చాలు, ఆఫీసులో గంట నాదైపోయింది. పిల్ల కోసం అడిగినప్పుడు ఎన్ని రూల్సు అడ్డొచ్చాయో! ఆ మొదటి రోజు అందరూ చూస్తుండగా ఐదింటికి లేస్తుంటే దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. లీడరు తలెత్తి, "వెళ్ళండి వెళ్ళండి, పాపం ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నాడు. అతని గొంతులో అంత దయ ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఎండ ఇంకా ఉండగానే ఇల్లు చేరేదాన్ని. పిల్ల గుమ్మంలో పెద్దాయన మెడపట్టీ పట్టుకుని రెడీగా ఉండేది. పెద్దాయన అడుగు తీసి అడుగు వేస్తుంటే, ఆయనకు తగ్గట్టు మేమిద్దరం వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా నడిచేవాళ్ళం. ఇంట్లో ఎంత అడిగినా "ఏం లేదు" తప్ప చెప్పని పిల్ల, నడుస్తుంటే మాట్లాడేది. నా మొహం కనబడదు కదా, అందుకేమో. బడిలో ఎవరు తనతో పలకడం లేదో, లెక్కల టీచరు ఏమందో, అన్నీ కుక్కతో చెబుతున్నట్టు చెప్పేది. ఒక సాయంత్రం అలాగే, పట్టీ చుట్టుకుంటూ విప్పుతూ అంది: "ఇప్పుడు నేను లోపలికే వెళ్తున్నానమ్మా. లోపల పెద్దాయన ఉంటాడు కదా."

"అదేంటి, ఇదివరకు ఎక్కడికి వెళ్ళేదానివి?"

"మెట్ల మీద కూర్చునేదాన్ని. నువ్వు వీధి మలుపు తిరగడం కనిపించగానే లోపలికి పరిగెత్తేదాన్ని. ఒకసారి ఎవరో తలుపు కొట్టి కొట్టి, కిటికీలోంచి చూశారమ్మా. అప్పుడు మంచం కింద దాక్కున్నా. ఆ రోజే నువ్వు ఫోన్ చేశావు. నేను ఎత్తి మాట్లాడితే వాళ్ళకి వినిపిస్తుందని, సౌండు ఆపేసి ఎత్తలేదు. ఆ తర్వాత నుంచీ మెట్లే. నువ్వు చేసేది జేబులో ఫోనుకే కదా, ఇంట్లోనే ఉన్నానని చెప్పేదాన్ని. నువ్వు భయపడతావని."

నేను ఊహించిన చెడు ఎన్ని రకాలో. అందులో ఇది లేదు. ఊహించనిది నా కూతురికి రోజూ జరుగుతోంది. వానలోనూ, చలిలోనూ, బాత్రూముకు వెళ్ళాలనిపించినా ఆపుకుని, ఆ మెట్ల మీద. నేను భయపడతానని అది తన భయాన్ని దాచుకుంది. వీధిలో నిలబడి ఏడవకూడదని, కింద కూర్చుని పెద్దాయన మెడ నిమురుతూ ఉండిపోయాను. ఆయన కదలకుండా నిలబడ్డాడు, నేను లేచేదాకా.

అలా ఎన్నాళ్ళు సాగనిచ్చారని? నేను తొందరగా వస్తున్నానని తెలియగానే, అప్పటిదాకా బయటే టీ తాగి ఎప్పుడో వచ్చే మా ఆయన ఆరింటికే ఇంటికి రావడం మొదలుపెట్టారు. పోనీలే, మనిషి ఇంటిపట్టున ఉంటున్నారని మురిసిపోయాను. వెంట ఇద్దరు స్నేహితులు. "మా ఆవిడ టీ పెడితే మీరు ఇంకెక్కడా తాగరు" అని వాళ్ళతో అన్నారు. మెచ్చుకోలనుకున్నాను, అది రోజూ పని అయ్యేదాకా. తర్వాత కూరగాయలు. "దారేగా, ఓసారి చూసుకుని రా." తర్వాత కరెంటు బిల్లు, ఇస్త్రీ బట్టలు. ఇప్పుడు అత్తయ్య మోకాలు. నేను ఇల్లు చేరేసరికి ఆవిడ చెప్పులు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని మా వరండాలో కూర్చుని ఉంటారు. "ఇప్పుడా రావడం? ఆ పిల్లాడు నన్ను చివర్న వేస్తాడు" అంటారు. అన్నది వ్యాయామం చేయించే కుర్రాణ్ణి. ఆవిడ వెనక గుమ్మంలో పిల్ల పట్టీ పట్టుకుని నిలబడి ఉంటుంది. "నువ్వు తిప్పుకుని రామ్మా ఇవాళ్టికి" అంటాను. ఇవాళ్టికి అని రోజూ అంటాను. కొన్నాళ్ళకు అది నన్ను అడగడం మానేసింది. మళ్ళీ అన్నింటికీ "ఏం లేదు" అనడం మొదలుపెట్టింది.

మా ఆయనతో చెప్పకపోలేదు. "నాకు పిల్లతో గడపడానికి ఆ గంట కావాలండీ" అన్నాను. "గడుపు, ఎవరు వద్దన్నారు? దాన్నీ క్లినిక్కుకు తీసుకెళ్ళు" అన్నారు. "అయినా ఎప్పుడూ దాని పక్కనే ఉంటావు, ఇంకా గడపడమేంటి?" ఒకే గదిలో నేను గిన్నెలు తోముతూ అది హోంవర్కు చేసుకుంటూ ఉండడాన్ని ఆయన గడపడం అంటున్నారు. తేడా చెప్పబోయి మానుకున్నాను. తేడా చెప్పడానికీ కొంత ఓపిక కావాలి.

పెద్దాయన ఒక ఆదివారం పొద్దున పోయాడు. నేనెప్పుడూ భయపడినట్టే, ముందు పిల్లే చూసింది. నీళ్ళ గిన్నె మార్చడానికి వెళ్ళి, వెనక్కి వచ్చి, వంటింటి గుమ్మం పట్టుకుని, "అమ్మా, పెద్దాయన లేవట్లేదు" అంది. వీధి గుమ్మానికి అడ్డంగా, తలుపు వైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాడు, ఎవరినీ లోపలికి రానివ్వనట్టు. జంతువుల డాక్టరు బండి పంపాడు. అబద్ధమెందుకు, మా ఆయనే రెండు చేతులా ఎత్తుకుని బండి దాకా మోసుకెళ్ళారు. వచ్చి చేతులు కడుక్కుని, పిల్ల తల నిమిరారు. ఆ తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఆఫీసులో చెప్పకు" అన్నారు.

"ఏం చెప్పకూడదు?"

"కుక్క పోయిందని. వాళ్ళేమైనా ఇంటికొచ్చి చూస్తారా? ఫోటో ఉండనే ఉంది. ఎప్పట్లాగే ఐదింటికి వచ్చెయ్."

కబురు తెలిసి అత్తయ్య వచ్చారు. "పోనీలే, పండు ముసలి ప్రాణం, బాధపడకుండా పోయింది" అని కాసేపు కూర్చుని, "మరి రేపట్నుంచి నన్నెవరు తీసుకెళ్తారు?" అన్నారు. "అదేం లేదులే అమ్మా, తనే తీసుకెళ్తుంది" అన్నారు మా ఆయన. కుక్క పోయిందన్న బాధ కన్నా, ఆ గంట పోలేదన్న ఊరటే ఇద్దరి మొహాల్లోనూ ఎక్కువ కనిపించింది.

పిల్ల మాత్రం వంటింట్లోకి వచ్చి, నేను కడిగిన గిన్నెలు తుడిచి పెడుతూ, చాలా మామూలుగా అంది: "నేను మెట్ల మీద కూర్చుంటాలే అమ్మా. అక్కడ బానే ఉంటుంది, వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తుంటారు. నువ్వేం భయపడకు."

పదేళ్ళ పిల్ల నాకు ధైర్యం చెబుతోంది. దాని చేతిలోంచి గుడ్డ తీసుకుని నేనే తుడవడం మొదలుపెట్టాను. తుడిచిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తుడిచాను. అబద్ధం చెబితే ఏమవుతుంది? గంట ఉంటుంది. ఉండి? చెప్పులు వేసుకుని కూర్చున్న అత్తయ్యకు, స్నేహితులతో వచ్చే ఆయనకు, ఇస్త్రీ బట్టలకు ఆ గంట ఉంటుంది. పిల్లకు ఉండదు. పక్క సీటు అమ్మాయి "పెద్దాయన ఎలా ఉన్నాడక్కా" అని అడిగినప్పుడల్లా బాగున్నాడని చెప్పాలి. ఎప్పుడో ఒకనాడు బయటపడుతుంది, అప్పుడు ఉద్యోగమూ పోతుంది, తలెత్తుకోవడమూ పోతుంది. నిజం చెబితే గంట పోతుంది. పిల్ల మెట్ల మీదికి పోతుంది. అటు చూసినా ఇటు చూసినా పోయేదే కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ ఏదో పోతుందనే కదా, ఇంత చిన్న నోటితో ఇంత నెమ్మదిగా మాట్లాడుతూ వచ్చాను. ఏం మిగిలింది?

సోమవారం పొద్దున మా ఆయన ముందు టిఫిను పెడుతూ చెప్పాను. "సాయంత్రం అత్తయ్యని మీరే తీసుకెళ్ళండి."

"ఏం, నీకేం పనుంది?"

"పిల్లతో నడవాలి."

"అదీ ఒక పనేనా?"

"పనే."

ఆయన నా మొహంలోకి చూసి, నీళ్ళ గ్లాసు కోసం అటూ ఇటూ వెతుక్కున్నారు. గ్లాసు వంటింట్లో ఉంది. నేను తేలేదు.

ఆఫీసుకు వెళ్ళగానే తిన్నగా క్షేమం మేడమ్ గదికి వెళ్ళి కుక్క పోయిందని చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "అయ్యో, కుటుంబంలో మనిషే కదండీ. రెండు రోజులు ఇంటి దగ్గర ఉండండి. జీతం ఏమీ కొయ్యరు. బెంగగా ఉంటే మాట్లాడడానికి మనిషిని కూడా ఏర్పాటు చేస్తాను" అంది. ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. మా అమ్మ పోయినప్పుడు ఇదే ఆఫీసు జీతం కోసి, తిరిగొచ్చిన రోజున పేరుకుపోయిన పార్సిళ్ళు నా ముందు పెట్టింది. అప్పుడు నా చేతులు ఎవరూ పట్టుకోలేదు.

"రెండు రోజులూ వద్దు మేడమ్" అన్నాను. "ఆ గంట ఉంచండి. మా అమ్మాయికి పదేళ్ళు. ఒక్కతే మెట్ల మీద కూర్చుంటుంది. ఆ గంట దాని పేరు మీద రాయండి."

చేతులు వదిలేసింది. "మీ బాధ అర్థమైందండీ. కానీ ఆ స్కీములో పిల్లలు రారు కదా. పైవాళ్ళకి రాస్తాను. ఏ సంగతీ తెలిసేదాకా మాత్రం అందరిలాగే ఆరింటి దాకా ఉండాలి."

సరేనని బయటికి వచ్చాను. సరేనన్నది ఆవిడ రాయడానికి. ఉండడానికి కాదు. ఆ రోజంతా నా సీట్లో కూర్చుని అడ్రసులు అడుగుతూనే, మనసులో ఉద్యోగం పోగొట్టుకున్నాను, ఇంటద్దె కట్టలేకపోయాను, పిల్ల ఫీజు కట్టలేక బడి గేటు బయట నిలబడ్డాను. ఆలోచించగలిగిన చెడంతా మధ్యాహ్నానికే అయిపోయింది. ఇంక భయపడడానికి కొత్తగా ఏమీ దొరకలేదు.

ఐదయింది. ఇయర్‌ఫోన్లు తీసి పెట్టి, కంప్యూటరు కట్టేసి, సంచి భుజాన వేసుకున్నాను. పక్క సీటు అమ్మాయి టైపు చెయ్యడం ఆపింది. అందరి కళ్ళూ నా వీపు మీద ఉన్నాయని తెలుస్తూనే ఉంది.

"ఏమ్మా" అన్నాడు లీడరు, ఎప్పటి దయ ఇంకా పూర్తిగా పోని గొంతుతో. "కుక్క పోయిందట కదా. మరి ఇప్పుడెక్కడికి?"

నా జన్మలో అలాంటి మాట పైకి అనని దాన్ని. పిల్ల ఊసులో చావు, బతుకు అన్న మాటలు తేవడానికే హడలిపోయేదాన్ని. అయినా తలుపు దగ్గర ఆగి, హాలంతటికీ వినబడేట్టు చెప్పాను.

"పిల్ల బతికే ఉంది కదండీ."